పేరు పట్టి మనిషిని తేల్చుకోవడం – 5వ పాఠం: కాటన్లందరూ కాటన్ దొరలు కారు

పోయిన పాఠం చివర ఒకే ఒక్క పేరిచ్చి, ఈయనెవరో తేల్చుకు రమ్మన్నాను. సర్ హెన్రీ కాటన్. మీకు ఒక్కరే దొరికి ఉంటే ఇంకా వెతకాల్సింది మిగిలిందన్నమాట. ఇద్దరు దొరికితే మీ వెతుకులాట సరిగ్గానే సాగింది.

ఒకాయన 1904లో బొంబాయిలో జరిగిన కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షుడు. అంతకుముందు అస్సాం చీఫ్ కమిషనర్‌గా ఉండి, తేయాకు తోటల కూలీల పక్షాన మాట్లాడి, తోటల యజమానుల ఆగ్రహానికి గురైన ఐసీఎస్ అధికారి. రెండో ఆయన గోల్ఫ్ ఆటగాడు. 1934, 1937, 1948ల్లో మూడుసార్లు బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. ఇద్దరూ ఇంగ్లీషువాళ్లే, ఇద్దరికీ సర్ బిరుదు ఉంది. గోల్ఫ్ కాటన్ 1987 డిసెంబరులో పోయాడు. ఆ వెంటనే వచ్చిన 1988 కొత్త సంవత్సరం బిరుదుల జాబితాలో ఆయన పేరుంది. పాపం, సర్ అని పిలిపించుకునే యోగం లేకపోయింది.

ఈ పేరే ఎందుకిచ్చానంటే, దీనితో నేనొకసారి పరువు పోగొట్టుకున్నాను. ఒక సావనీరుకు కాంగ్రెస్ అధ్యక్షుల మీద వ్యాసం అడిగారు. రాత్రి పదకొండింటికి ఫొటోలు వెతుక్కుంటూ, సర్ హెన్రీ కాటన్ అని కొట్టి, పైన కనిపించిన మొహాన్ని కత్తిరించి అతికించేశాను. పుస్తకం అచ్చయ్యాక ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. "ఏమండీ, అందరూ కోట్లూ గడ్డాలూ వేసుకుని కూర్చుంటే ఈయనొక్కడే స్వెట్టర్‌లో ఉన్నాడేంటి? కాంగ్రెస్ సభకు వచ్చినట్టు లేదే!" అన్నారు. నిజమే. ఆ స్వెట్టర్ 1930ల నాటిది.

అందుకే ఈ పాఠంలో ఒక ఇంటిపేరు మొత్తాన్ని తీసుకుని, అది పెట్టుకున్న ప్రముఖుల్ని ఎవరికి వాళ్లని విడదీయడం నేర్చుకుందాం. స్మిత్, బ్రౌన్ లాంటి ఇంటిపేర్లతో మొదలుపెడితే ఎప్పటికీ తెమలదు. కాటన్ అయితే మరీ ఎక్కువమంది ఉండరు, మరీ తక్కువా కారు. పైగా గోదావరి జిల్లాల్లో ఈ పేరు వింటే చెయ్యెత్తి మొక్కేవాళ్లున్నారు కాబట్టి మనకు ఆసక్తి కూడా.

ఒక తెల్లకాగితం అడ్డంగా పెట్టుకోండి. గడులు గీయండి: పూర్తిపేరు, ఇంగ్లీషు స్పెల్లింగు, పుట్టిన-పోయిన ఏడాదులు, పుట్టిన చోటు, చేసిన పని, ఎవరి కొడుకు లేదా కూతురు. చివర ఒక వెడల్పాటి గడి ఖాళీగా ఉంచండి. దాని పని తర్వాత చెబుతాను.

ముందు ఇంటిపేరు సంగతి. కాటన్ అనగానే మనకు పత్తి గుర్తొస్తుంది. తెలుగు లిపిలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఇంగ్లీషులో మనిషి పేరుకి పెద్ద అక్షరం పెడతారు, మనకా వెసులుబాటు లేదు. కాటన్ బ్యారేజీలో ఉన్నది మనిషి, కాటన్ మార్కెట్లో ఉన్నది పత్తి. పక్కమాట చూస్తేగాని తేలదు. ఈ రెండు మాటల పుట్టుకలు కూడా వేరే. పత్తికి వాడే మాట అరబ్బీ నుంచి యూరప్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంటిపేరేమో పాత ఇంగ్లీషులో గుడిసె అనే అర్థమున్న 'కాట్' అనే మాట నుంచి వచ్చింది. గుడిసెలున్న చోటు అని దానర్థం. కాటేజీ అనే మాటకి దగ్గర చుట్టం. తెలుగులో పెడితే ఆర్థర్ కాటన్ గుడిసెలవారి అబ్బాయి అవుతాడేగాని పత్తివారి అబ్బాయి కాడు.

ఇంగ్లండులో కాటన్ అనే ఊళ్లు చాలా ఉన్నాయి. ఆ ఊళ్లనుంచి బయల్దేరినవాళ్లందరికీ అదే ఇంటిపేరు అంటుకుంది. మన కొత్తపల్లివారిని చూడండి. కొత్తపల్లి లేని జిల్లా లేదు, కొత్తపల్లివారంతా ఒకరికొకరు ఏమీ కారు. ఇదీ అంతే. ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ముల వరస అనే మన అలవాటు బుర్రలో ఉంటే ఈ పాఠంలో మొదటి తప్పు అక్కడే జరుగుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే తెలిసిన మనిషితో మొదలుపెడదాం. తెలిసినవాడు గుంజ లాంటివాడు, మిగతావాళ్లు ఎంత దూరమో అక్కణ్నుంచి కొలుచుకోవచ్చు. ఆర్థర్ థామస్ కాటన్, 1803-1899. మద్రాసు ఇంజనీర్ల దళం. కావేరి పాయ కొల్లిడం మీద పనిచేశాక గోదావరికి వచ్చి, 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. సర్ బిరుదు 1861లో వచ్చింది. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. ఈ తండ్రి పేరు గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మన అసలు పని అక్కడే ఉంది.

తండ్రి గడి నింపగానే తోబుట్టువులు బయటపడతారు. ఆర్థర్‌కి తమ్ముడు ఫ్రెడరిక్ కానియర్స్ కాటన్, ఆయనా మద్రాసు వైపు ఇంజనీరే. అన్న సిడ్నీ జాన్ కాటన్, 1792-1874, సైనికుడు. 1857 తిరుగుబాటప్పుడు పెషావరులో సేనాధిపతి. అంతకుముందు ఆస్ట్రేలియాలో, ఇప్పటి బ్రిస్బేన్ ప్రాంతంలో, ఖైదీల స్థావరానికి కమాండెంట్‌గా కూడా చేశాడు.

ఇక్కడ కాసేపు ఆగాలి. మీరు ఇంగ్లీషు పుస్తకాల్లో సిడ్నీ కాటన్ అని వెతికితే ఇంకో మనిషి ఎదురొస్తాడు. ఈయన పూర్తిపేరు ఫ్రెడరిక్ సిడ్నీ కాటన్, 1894-1969. విమానాలు నడిపేవాడు. ఆస్ట్రేలియాలోనే, బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండులోనే పుట్టాడు. చూశారా తంటా! మొదటి సిడ్నీ పనిచేసిన నేల మీదే రెండో సిడ్నీ పుట్టాడు, పైగా ఆ సిడ్నీ తమ్ముడి పేరు ఈ సిడ్నీ పేరులో మొదటి మాట. తొందరగా చదివేవాళ్లు ముగ్గుర్నీ కలిపి ఒక మనిషిని చేసేయగలరు.

విడదీసేది రెండే. ఒకటి, ఏడాదులు. 1874లో పోయిన మనిషి విమానం నడపడు. రెండు, స్పెల్లింగు. సైనికుడి పేరులో ఎస్ తర్వాత వై ఉంటుంది, పైలట్ పేరులో ఐ ఉంటుంది. తెలుగులోకి వచ్చేసరికి రెండూ 'సిడ్నీ'యే. ఇందాక ఇంగ్లీషు స్పెల్లింగు గడి ఎందుకండీ, తెలుగులో రాసుకుంటున్నాం కదా అనిపించి ఉంటే, ఇదిగో దాని అవసరం.

ఈ పైలట్ కాటన్ గురించి ఇంకొంచెం చెప్పకుండా ఉండలేను. మొదటి ప్రపంచ యుద్ధంలో, పైకి వెళ్లిన పైలట్లు చలికి గడ్డకట్టుకుపోతుంటే ఒళ్లంతా కప్పే సూటు ఒకటి తయారుచేశాడు. దాని పేరు సిడ్‌కాట్. సిడ్నీలో మొదటి ముక్క, కాటన్‌లో మొదటి ముక్క. రెండో యుద్ధానికి ముందు విమానంలో రహస్య కెమెరాలు అమర్చి జర్మనీ ఫొటోలు తీశాడు. ఆ తర్వాత 1948లో కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో నిజాం ప్రభుత్వానికి దొంగచాటుగా ఆయుధాలు చేరవేసింది ఈయనే. ఆ సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిపోయింది.

అంటే తెలుగు నేల మీద ఇద్దరు కాటన్లు నడిచారు. ఒకాయన గోదావరికి అడ్డుకట్ట వేశాడు, ఇంకొకాయన వందేళ్ల తర్వాత నిజాంకి తుపాకులు మోశాడు. మొదటి ఆయనకి ఊరూరా విగ్రహాలు. రెండో ఆయన పేరు పోలీసు చర్య గురించి చదివినవాళ్లకి తప్ప తెలియదు. ఇందుకే ఆ చివరి ఖాళీ గడి. దాని మీద 'మనతో సంబంధం' అని రాయండి. అన్నీ నింపక్కర్లేదు, ఉన్నచోటే రాయండి. బలవంతంగా సంబంధం కలిపితే గడి నిండుతుందిగాని కాగితం పాడవుతుంది.

అదే గడి కాంగ్రెస్ హెన్రీ కాటన్‌కి ఎలా నింపుతారు? ఆయన పుట్టింది 1845లో, కుంభకోణంలో. ఆర్థర్ కాటన్ కూడా కావేరి వైపు పనిచేశాడు కాబట్టి ఈయన ఆయన కొడుకేమో అనిపిస్తుంది. తండ్రి గడి చూడండి: జోసెఫ్ జాన్ కాటన్. అది తరతరాలుగా ఈస్టిండియా కంపెనీలో, సివిల్ సర్వీసులో పనిచేసిన కుటుంబం. కావేరి ఒకటే, కాటన్లు వేరు. గువాహటిలో 1901లో మొదలైన కాటన్ కాలేజీ, ఇప్పటి కాటన్ విశ్వవిద్యాలయం, ఈ హెన్రీ పేరు మీదే ఉంది.

సంస్థల పేర్ల దగ్గర మనవాళ్లు ఇంకో పొరపాటు కూడా చేస్తారు. బెంగళూరులో 1865లో పెట్టిన బిషప్ కాటన్ స్కూలుని చూపించి, "మన కాటన్ దొర పేరే కదా" అనడం. బిషప్ అన్న మాట ముందే ఉంది కదండీ! ఆయన జార్జ్ ఎడ్వర్డ్ లించ్ కాటన్, 1813లో పుట్టాడు, కలకత్తా బిషప్. సిమ్లాలో 1859లో పెట్టిన స్కూలు కూడా ఆయనదే. 1866లో బెంగాల్లోని కుష్టియా దగ్గర స్టీమరు ఎక్కబోతూ నదిలో పడి పోయాడు. ఆయన సమాధి లేదు, శవం దొరకలేదు.

కొందరు ఇంటిపేరు కింద అసలు కనిపించరు. స్టేపుల్టన్ కాటన్, 1826లో భరత్‌పూర్ కోట పట్టుకున్న సేనాధిపతి, ఆర్థర్‌కి పెదనాన్న కొడుకు. ఆయన్ని చాలా పుస్తకాల సూచికల్లో లార్డ్ కాంబర్మియర్ అనే రాస్తారు. పెద్ద బిరుదు వస్తే ఇంటిపేరు మింగేస్తుంది. ఆడవాళ్లకి పెళ్లి ఆ పని చేస్తుంది. ఆర్థర్ కూతురు ఎలిజబెత్ కాటన్ పుస్తకాల్లో లేడీ హోప్. చార్లెస్ డార్విన్ చివరి రోజుల్లో మతంవైపు తిరిగాడని చెప్పింది ఈవిడే. డార్విన్ పిల్లలు అదేం లేదని ఖండించారు. తండ్రి జీవితచరిత్ర రాసింది కూడా ఈవిడే, కాబట్టి కాటన్ దొర గురించి లోతుగా చదవాలంటే హోప్ అనే పేరు కిందే వెతకాలి.

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. జాన్ కాటన్ అనే మతాచార్యుడు 1633లో ఇంగ్లండులోని బోస్టన్ వదిలి, అమెరికాలోని బోస్టన్‌కి వలస వెళ్లాడు. ఆయన కూతురు మేథర్‌ల ఇంటికి కోడలైంది. పుట్టిన పిల్లాడికి తాతగారి ఇంటిపేరునే పేరుగా పెట్టారు: కాటన్ మేథర్. మనకి తాత పేరు పెట్టడం తెలుసు, తాత ఇంటిపేరు పెట్టడం కొత్త. ఈయన మన జాబితాలోకి రాడు. ఆయన కింద చిన్న గీత గీసి 'పేరు మాత్రమే' అని రాసుకోండి.

ఇప్పుడు తీసేయాల్సినవాళ్లు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినవాళ్లకి 'కాటన్ అండ్ విల్కిన్సన్' పాఠ్యపుస్తకం అంటే భయమూ భక్తీ రెండూ. ఆ కాటన్, అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రాంక్ ఆల్బర్ట్ కాటన్, 1930-2007, జాబితాలో ఉంటాడు. కానీ అదే సిలబస్‌లో కనిపించే కాటన్ ఎఫెక్ట్ ఆయనది కాదు. అది 1895లో ఎమె కాటన్ కనిపెట్టింది, ఆయన ఫ్రెంచివాడు. స్పెల్లింగు ఒకటే అయినా ఇంటిపేరు ఫ్రెంచిది కాబట్టి ఇంగ్లీషు కాటన్ల కాగితం మీద చోటు లేదు. సినిమా నటుడు జోసెఫ్ కాటన్, జానపద గాయని ఎలిజబెత్ కాటన్ ఇద్దరి స్పెల్లింగులోనూ రెండు టీల తర్వాత ఓ బదులు ఈ ఉంటుంది. వాళ్లకి వేరే కాగితం. ఆవిడని లేడీ హోప్‌తో కలిపేయకండి, ఆవిడ అమెరికాలోని నల్లజాతి కళాకారిణి.

మిగిలినవాళ్లలో నాకు అందరికంటే ఇష్టమైన కాటన్ ఒకడున్నాడు. సర్ రాబర్ట్ కాటన్, 1571-1631. పాత రాతప్రతులు పోగుచేసే పిచ్చి. ఇంగ్లండు రాజు అధికారానికి హద్దులు గీసిన 1215 నాటి పత్రం మాగ్నా కార్టా ప్రతులు నాలుగు మిగిలితే రెండు ఈయన దగ్గర చేరినవే. పుస్తకాల బీరువాల మీద రోమన్ చక్రవర్తుల బొమ్మలు పెట్టుకుని, ఏ పుస్తకం ఏ చక్రవర్తి కింద ఉందో దాన్నే నంబరుగా వాడాడు. 1731లో మంటలంటుకుని కొన్ని కాలిపోయాయి. పాత ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్‌కి మిగిలిన ఒకే ఒక్క ప్రతి అంచులు మాడి బయటపడింది. అది ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది, ఇవాళ్టికీ దాని నంబరు 'కాటన్ విటెలియస్'తోనే మొదలవుతుంది. విటెలియస్ అంటే ఆ బీరువా మీద కూర్చున్న చక్రవర్తి.

ఈ వారం పని. ఈ పాఠంలో వచ్చినవాళ్లందరినీ గడుల్లోకి ఎక్కించండి, ఏడాదుల వరసలో. నేను ఏడాది చెప్పని చోట మీరే వెతికి రాయండి. తర్వాత చార్లెస్ కాటన్ అనే కవిని చేర్చండి, 1630-1687. ఫ్లై ఫిషింగ్ మీద ఈయన రాసింది ఇప్పటికీ గాలాలు వేసేవాళ్లు చదువుతారు. ఈయన తండ్రి ఎవరో మీరే పట్టుకోండి. చివరిగా ఒక చిక్కు: ఆర్థర్ కాటన్ తాత పేరు సర్ లించ్ కాటన్. బిషప్ పేరు మధ్యలో కూడా లించ్ ఉంది. బిషప్ తాత దాకా వెళ్లి ఆ లించ్ ఎక్కణ్నుంచి వచ్చిందో చూడండి. వచ్చే పాఠం అక్కణ్నుంచే మొదలుపెడదాం. అప్పటికి ఇంకో తెల్లకాగితం దగ్గర పెట్టుకోండి, వంశవృక్షం గీయాలి.