మోకాలి కీలు మార్పిడి తర్వాత మళ్లీ స్కీయింగ్ ఎలా మొదలుపెట్టాలి?

మోకాలి కీలు మార్చుకున్నాక మంచు మీదికి వెళ్లవచ్చా? ఆపరేషన్‌కు ముందే స్కీయింగ్ బాగా వచ్చినవాళ్లయితే చాలామంది సర్జన్లు ఒప్పుకుంటారు. కొత్త కీలుతో మొదటిసారి నేర్చుకుంటానంటే మాత్రం వద్దంటారు, నా మాటా అదే. నేర్చుకునేటప్పుడు పడటం తప్పదు. పడితే ఇంప్లాంట్ చుట్టూ ఉన్న ఎముక విరగవచ్చు, దాన్ని సరిచేయడం మొదటి ఆపరేషన్ కంటే కష్టం.

1. సర్జన్ అనుమతి తీసుకోండి

సాధారణంగా కనీసం 6 నెలలు ఆగమంటారు, కొందరిని ఏడాది దాకా. ఎక్స్‌రే చూసి, ఇంప్లాంట్ గట్టిగా నిలిచిందో లేదో ఆయనే చెప్పాలి.

2. తొడకు బలం తెచ్చుకోండి

అసలు పనంతా ఇక్కడే ఉంది. ఆపరేషన్ తర్వాత తొడ ముందు భాగంలోని క్వాడ్రిసెప్స్ కండరం బాగా బలహీనపడుతుంది. నొప్పి తగ్గినంత త్వరగా ఆ బలం తిరిగి రాదు. వాలు మీద మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడినప్పుడు కుదుపుల్ని మోసేది ఈ కండరమే. అది అలసిపోతే భారం కీలు మీద పడుతుంది.

కదలని సైకిల్ తొక్కండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోండి. తక్కువ ఎత్తున్న మెట్టు ఎక్కి, చాలా నెమ్మదిగా దిగండి. స్కీయింగ్‌కు అన్నిటికంటే దగ్గరగా ఉండేది ఈ దిగడమే. ఒంటికాలి మీద నిలబడటం కూడా సాధన చేయండి. రెండు కాళ్ల బలం దాదాపు సమానమైందో లేదో ఫిజియోథెరపిస్టు కొలిచి చెబుతారు, అప్పటిదాకా టికెట్లు కొనొద్దు.

పడితే ఎలా లేవాలో ఇంట్లో కార్పెట్ మీదే నేర్చుకోండి. మంచు మీద పడినప్పుడు స్కీలు విప్పేసి, మంచి కాలి మీద బరువు వేసి లేవండి.

3. బైండింగులు సరిచేయించండి

బూటును స్కీకి పట్టి ఉంచి, పడినప్పుడు వదిలేసే బిగింపులే బైండింగులు. బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, నైపుణ్యం చూసి టెక్నీషియన్ వీటిని బిగిస్తారు. వయసు 50 దాటితే కాస్త తేలిగ్గా ఊడేలా పెడతారు, అందుకే వయసు దాచొద్దు. అయినా మోకాలు మెలి తిరగకుండా బైండింగ్ ప్రతిసారీ కాపాడలేదు. వేగం మీ అదుపులోనే ఉండాలి.

4. మొదటి రోజు తక్కువ చేయండి

పొద్దున్నే, యంత్రంతో చదును చేసిన వాలు మీదికి వెళ్లండి. అమెరికాలో అయితే ముందు ఆకుపచ్చ వృత్తం గుర్తున్న వాలు, అలవాటయ్యాక నీలి చతురస్రం. మొగల్స్ (వాలు మీది మంచు గుట్టలు), గట్టి ఐస్, దూకడాలు ఇక వదిలేయండి. గుల్‌మార్గ్‌లో గొండోలా (కేబుల్ కార్) రెండో దశ పైన ఉన్న అఫర్వత్ కొండ వాలులూ వద్దు, అక్కడ చదును చేయని లోతైన మంచు ఉంటుంది. స్కీల ముందు కొనలు దగ్గర చేసి పిజ్జా ముక్కలా పెట్టి ఎక్కువసేపు బ్రేక్ వేస్తే మోకాలి మీద మెలితిప్పే ఒత్తిడి పెరుగుతుంది, కాబట్టి వీలైనంతవరకు స్కీలు సమాంతరంగా ఉంచి మలుపు తిరగండి. చైర్‌లిఫ్ట్ ఎక్కేటప్పుడు కొంచెం నెమ్మది చేయమని ఆపరేటర్‌ను అడగండి, మొహమాటం వద్దు.

తొడలు వణకడం మొదలైతే ఆ రోజుకు ఆపేయండి. "ఇంకొక్కసారి" అన్నప్పుడే దెబ్బలు తగులుతాయి.

మర్నాటికి కాస్త వాపుంటే ఐస్ పెట్టి విశ్రాంతి తీసుకోండి. వాపు తగ్గకపోయినా, మోకాలు ఎర్రబడి వేడెక్కినా, జ్వరం వచ్చినా, పిక్కలో నొప్పి పుట్టినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.