రసాయనం తగిలిన సైనిక వాహనం కడిగే ముందు

బకెట్ ఎత్తకముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఎంత శుభ్రమైతే "శుభ్రం" అంటాం? మాస్కు వేసుకుని నడపడానికి సరిపోవడం వేరు, ఉత్త చేత్తో తలుపు తీయడం వేరు. ఈ రెండు హద్దులూ ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి, కడిగి కడిగి అలిసిపోయాక అడిగితే ఎవరైనా "చాల్లే" అనే అంటారు.

గాలి ఎటు వీస్తోందో చూసి మనుషులు గాలి వచ్చే వైపు, మురికి నీటి గుంట దిగువన ఉండేలా చూడండి.

ఏం తగిలిందో తెలియకుండా విషం విరిచే మందు కలపొద్దు. పొడి బ్లీచింగ్ పౌడర్ నేరుగా మస్టర్డ్ (ఒంటి మీద బొబ్బలు లేపే యుద్ధ రసాయనం) ద్రవం మీద పడితే మంటలు లేవొచ్చు, అందుకే నీళ్లలో ముద్దలా కలిపి పూస్తారు, ఓ 30 నిమిషాలు ఆగి కడుగుతారు. బ్లీచ్‌లో యాసిడ్ గానీ అమ్మోనియా గానీ కలిపితే ఇంకో విషవాయువు మనమే తయారు చేసుకున్నట్టు. రేడియోలు, కెమెరా అద్దాల జోలికి బ్లీచ్‌తో వెళ్లొద్దు, పాడైపోతాయి.

విష రసాయనం తగిలితే రంగు మారే డిటెక్టర్ పేపర్‌ని గుడ్డిగా నమ్మకండి, ఇంజిన్ ఆయిల్‌కీ రంగు మారుతుంది.

అసలు టెన్షన్ రబ్బరు, పెయింట్, కాన్వాస్‌తోనే. పైన తళతళలాడుతున్నా తలుపు అంచు రబ్బరు లోపలికి మస్టర్డ్ ఇంకిపోయి ఉంటుంది, ఎండ తగలగానే ఆవిరి మెల్లగా బయటికొస్తుంది. మస్టర్డ్ 14 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కాబట్టి చలి ఉదయం చేసిన టెస్టు మధ్యాహ్నానికి చెల్లదు, వేడెక్కాక మళ్లీ చూడాల్సిందే.

ఒళ్లంతా కప్పే రక్షణ సూట్‌లో ఉక్కకి మనిషి పడిపోతాడు. జతగా పని, వంతులు, నీళ్లు. సూట్ విప్పేటప్పుడు ఒకరు పక్కన నిలబడి చెప్పాలి, గ్లౌజు బయటి వైపు మెడకి తగిలితే ఇంత కష్టమూ వృథా.