అభిప్రాయంతో కూడిన రచనకు ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో చోటుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

వికీపీడియా వంటి విజ్ఞాన సర్వస్వంలో ఎవరైనా రాయవచ్చు కాబట్టి, సంపాదకీయాన్నో విమర్శనో పోలిన రచనలు వ్యాసాలుగా వచ్చి చేరుతూనే ఉంటాయి. అవి కంటబడగానే చెరిపేయడం ఎంత పొరపాటో, చక్కగా రాశారు కదా అని ఉంచేయడమూ అంతే పొరపాటు. చూడవలసింది అందులోని మాట ఎవరిదన్న సంగతి.

ముందుగా రచనను చివరిదాకా చదివి, ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ‘ఈ మాట ఎవరన్నారు?’ అని అడగండి. ఉదాహరణకు, ‘పెద్ద ఆనకట్టలు నదుల పాలిట శాపం’ అన్న వాక్యం తీసుకుందాం. ఇది రాసిన వ్యక్తి తీర్పు. దాన్ని అలాగే ఉంచితే విజ్ఞాన సర్వస్వమే ఆ తీర్పు చెప్పినట్లవుతుంది. దానికి బదులు, ‘ఆనకట్టల వల్ల మేలు జరిగినా, చాలా సందర్భాల్లో అందుకోసం సమాజమూ పర్యావరణమూ భరించరానంత మూల్యం చెల్లించవలసి వచ్చిందని ప్రపంచ ఆనకట్టల కమిషన్ 2000 నవంబరులో వెలువరించిన నివేదికలో పేర్కొంది’ అని రాసి, ఆ నివేదికను మూలంగా చూపితే, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నారో పాఠకుడు స్వయంగా సరిచూసుకోగలడు. అభిప్రాయం అభిప్రాయంగానే నిలుస్తుంది, అది ఫలానా వారిదన్న సంగతి మాత్రం వాస్తవమవుతుంది. తటస్థ దృక్కోణం అనే నియమం కోరేది ఇదే.

అయితే అభిప్రాయం అన్నిసార్లూ ఇంత బాహాటంగా కనిపించదు. ‘దురదృష్టవశాత్తూ’, ‘అందరికీ తెలిసినట్లే’, ‘సుప్రసిద్ధ’ వంటి మాటలను సులభంగానే పట్టుకోవచ్చు. క్రియాపదాల దగ్గరే మరింత జాగ్రత్త అవసరం. ఒక అధికారి ‘చెప్పారు’ అన్నచోట ‘ఒప్పుకున్నారు’ అని రాస్తే తప్పు చేసి దొరికిపోయినట్లు ధ్వనిస్తుంది, ‘బుకాయించారు’ అంటే అబద్ధమాడారని తేల్చేసినట్లే. మూలంలో లేని ఆ అర్థం వ్యాసంలోకి ఒక్క పదంతో ప్రవేశిస్తుంది. ఇలాంటి చోట్ల వాక్యాన్ని తీసేయనక్కరలేదు, క్రియను మారిస్తే చాలు.

తరువాత ఆ అభిప్రాయానికి ఎంత చోటివ్వాలో చూడండి. తటస్థతంటే చెరిసగం పంచడం కాదు. భూమి బల్లపరుపుగా ఉందన్న వాదనకు భూమిని గురించిన వ్యాసంలో శాస్త్రజ్ఞుల నిర్ధారణతో సమానంగా స్థానమివ్వడం పాఠకులను తప్పుదారి పట్టించడమే. ఆ నమ్మకం గురించే రాసిన వ్యాసంలో మాత్రం దాన్ని వివరంగా వర్ణించవచ్చు. అలాగే రెండు మూలాలను జోడించి, రెండింటిలోనూ లేని ముగింపును తేల్చిన రచన ఎంత తర్కబద్ధంగా ఉన్నా మౌలిక పరిశోధన, అంటే ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాని సొంత నిర్ధారణ, కిందికే వస్తుంది. దానికి తగిన చోటు వేరే పత్రిక.

ఒక్కోసారి అభిప్రాయ రచనే వ్యాసవస్తువు అవుతుంది. ఫ్రెంచి సైనికాధికారి డ్రైఫస్‌ను దేశద్రోహిగా అన్యాయంగా శిక్షించిన ఉదంతంపై నవలాకారుడు ఎమిలీ జోలా 1898 జనవరి 13న ఫ్రెంచి పత్రిక ‘లోరోర్’లో ప్రచురించిన బహిరంగ లేఖ పూర్తిగా పక్షం వహించినదే, అయినా దాని ప్రభావం గురించి ఇతరులు విస్తారంగా రాశారు కనుక దానిపై వ్యాసం ఉండటం సమంజసం. ఆ వ్యాసం లేఖ చరిత్రను చెప్పాలి, లేఖలా వాదించకూడదు. లేఖ పూర్తి పాఠం, కాపీహక్కుల గడువు తీరింది కనుక, మూల రచనలను యథాతథంగా భద్రపరిచే వికీసోర్స్‌లో ఉండవచ్చు.

ఇక చర్య తీసుకోవడం. జీవించి ఉన్న వ్యక్తుల గురించి మూలం లేని వివాదాస్పద వ్యాఖ్య ఉంటే చర్చ కోసం ఆగకుండా వెంటనే తొలగించండి, అది ఆ వ్యక్తి పరువుకు సంబంధించిన విషయం. మిగిలిన వాటికి తొందర అక్కరలేదు: మూలం కావాలన్న మూస (వ్యాసంలో కనిపించే సిద్ధ సూచన) పెట్టి, కొంత గడువివ్వండి. ఎంతో శ్రమపడి రాసిన కొత్తవారు తమ రచన కారణం చెప్పకుండా మాయమైతే మళ్లీ రావడానికి ఇష్టపడరు, అది విజ్ఞాన సర్వస్వానికే నష్టం. అందువల్ల ఏ వాక్యాన్ని ఎందుకు తీశారో దిద్దుబాటు సారాంశంలో క్లుప్తంగానూ, చర్చా పేజీలో వివరంగానూ, మర్యాదగానూ రాయండి. అదే అభిప్రాయాన్ని నమ్మదగిన ప్రచురణలో ఎవరైనా వెల్లడించి ఉంటే చూపమని అడగండి. చూపిన రోజున ఆ అభిప్రాయాన్ని, అన్నవారి పేరుతో సహా, మీరే తిరిగి వ్యాసంలో చేర్చండి.