కుంగ్‌ఫూ కామెడీ చూడాలంటే కాళ్ళు చూడండి

మా బావతో కలిసి మాత్రం ఇలాంటి సినిమా చూడకండి, నా మొదటి సలహా ఇదే. ఒకడు గాల్లోకి లేచి ఒక్క తన్నుకి ముగ్గుర్ని గోడకి అంటిస్తే చాలు, "ఇదెలాగ అవుతాది?" అని మొదలుపెడతాడు, పావుగంటలో నాలుగుసార్లు. అదే మనిషి, రెండేళ్ళకోసారి ఒడిశాలోని మా బరంపురంలో ఠాకురాణీ అమ్మవారి యాత్ర వచ్చిందంటే, ఒంటికి పసుపు రంగూ నల్ల చారలూ పూసుకుని తోక కట్టుకున్న పులివేషం వాడి వెనకాల అర్ధరాత్రి దాకా తిరుగుతాడు. అది మనిషేనని తెలుసు, అయినా వీడు గంతు బాగా వేశాడు, ఆ రెండోవాడు తడబడ్డాడు అని తీర్పులు కూడా చెబుతాడు. యాత్రలో ఏ కన్నుతో చూస్తారో ఆ కన్నుతోనే టీవీ ముందు కూర్చోండి, సగం పని అయిపోతుంది.

కొత్తవాళ్ళు 2004లో వచ్చిన కుంగ్‌ఫూ హజిల్‌తో మొదలుపెట్టండి. హాంకాంగ్ నటుడు స్టీఫెన్ చౌ తనే తీసి తనే హీరోగా వేశాడు, గంటా నలభై నిమిషాల్లో అయిపోతుంది. కథ పాత షాంఘైది. గొడ్డళ్ళ ముఠా ఒకటి ఊరిని వణికిస్తుంటుంది, వాళ్ళు కూడా పట్టించుకోని బీద వాడ ఒకటి ఉంటుంది. ఆ వాడకి యజమానురాలు తలకి రోలర్లు చుట్టుకుని నోట్లో సిగరెట్ పెట్టుకుని తిరుగుతూ, ఒకడు తలకి సబ్బు రాసుకుని నురగతో నిలబడి ఉండగా నీళ్ళు కట్టేస్తుంది. ఒకే కుళాయి దగ్గర పది ఇళ్ళవాళ్ళు బిందెలు పెట్టి తగువులాడుకోవడం చూసిన మనలాంటి వాళ్ళకి ఆ వాడ పరాయిదిగా అనిపించదు. ఒక్క మాట, మొదట్లోనే గొడ్డళ్ళతో రక్తపాతం ఉంది, కామెడీ కదా అని చిన్నపిల్లల్ని పక్కన కూర్చోబెట్టకండి.

ఇప్పుడు భాష సంగతి. ఇక్కడ మా ఇళ్ళలో పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, బడిలో చదివేది ఒడియా, తెలుగు అక్షరాలు చాలామందికి రావు. అందుకని సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో పెట్టుకుని, ఇంట్లో ఒకరు పైకి చదువుతూ అప్పటికప్పుడు తెలుగులో చెబుతుంటే మిగతావాళ్ళు వింటారు. మా ఇంట్లో ఆ డ్యూటీ మా చెల్లిది, కొన్నిచోట్ల అసలు డైలాగు కన్నా అది చెప్పిందే బాగుంటుంది. డబ్బింగ్ దొరికినా నేనైతే హాంకాంగ్ వాళ్ళ భాష కాంటనీస్‌లోనే చూడమంటాను, ఎందుకంటే యజమానురాలి అరుపు ఇంకెవరి గొంతులోనూ అలా ఉండదు. ఈ రకం హాస్యాన్ని హాంకాంగ్ వాళ్ళు మో లే టావ్ అంటారు, మన మాటలో తలా తోకా లేనిది అనుకోండి. అందులో లాజిక్ వెతకడమంటే పెళ్ళిలో పప్పు తింటూ దినుసుల లెక్క అడిగినట్టే.

ఇక అసలు విషయం. ఫైట్ మొదలవగానే అందరూ మొహాలు చూస్తారు. మీరు కాళ్ళు చూడండి. తాడు కట్టి పైకి లేపారని అందరికీ తెలుసు, ఆ తాడు ఎక్కడుందా అని వెతికి లాభం లేదు. కిందికి దిగిన క్షణంలో పాదం ఎలా ఆనింది, మోకాలు వంగిందా, నడుం ఊగిందా అన్నది చూడండి. తాడు పైకి లాగగలదు గానీ దిగడం మాత్రం నేర్పలేదు. ఆ వాడ యజమాని, యజమానురాలు వేషాలు వేసిన యువెన్ వా, యువెన్ చియూ ఇద్దరూ చిన్నప్పుడు హాంకాంగ్‌లో పెకింగ్ ఒపెరా (పాటతో పాటు పిల్లిమొగ్గలూ ఉండే చైనా నాటకకళ) బడిలో పెరిగినవాళ్ళు, జాకీ చాన్ కూడా ఆ బడి గురువు దగ్గరే నేర్చుకున్నాడు. యువెన్ వా అయితే బ్రూస్ లీకి డూప్‌గా చేసినవాడు. పైజమా వేసుకుని తాగి తూలే ఆ ముసలాయన ఒక్కసారిగా దెబ్బ తప్పించుకుని సేమ్యాలా మెలికలు తిరుగుతుంటే గ్రాఫిక్స్ కొంత ఉండొచ్చు, కానీ తూలడం మాత్రం ఆయనదే. అంత బాగా తూలాలంటే ముందు నిలబడటం రావాలి.

ఆ యజమాని దంపతులు తాము ఎవరో చెప్పుకునే చోటు ఒకటుంది, అక్కడ చైనా వాళ్ళు పగలబడి నవ్వుతారు, మనకి అర్థం కాదు. జిన్ యుంగ్ అనే ప్రసిద్ధ రచయిత నవలల్లోని అందమైన ప్రేమజంట పేర్లు అవి. మన వీధిలో రోజూ చీపురు తిరగేసుకునే దంపతులు మేం నలదమయంతులం అన్నట్టు ఊహించుకోండి.

ఫోన్‌లో మాత్రం చూడకండి. ఇద్దరు కిరాయి హంతకులు వీణలాంటి పొడవాటి వాద్యం మీటుతుంటే ఆ నాదమే కత్తులై దూసుకొస్తుంది, గోడ మీద నడిచే పిల్లి నీడ రెండు ముక్కలవుతుంది. తర్వాత యజమానురాలు గొంతెత్తి ఒకే ఒక్క అరుపుతో వాళ్ళ పని పడుతుంది. స్పీకర్ లేకపోతే ఇదంతా దండగ. మేం చూస్తున్నప్పుడు సరిగ్గా ఆ అరుపు దగ్గరే కరెంటు పోయింది. చీకట్లో మా అమ్మమ్మ, "ఆవిడ అరిచిన అరుపుకి ట్రాన్స్‌ఫార్మర్ కూడా దడుసుకున్నట్టుంది" అంది. అమ్మమ్మకి ఈ సినిమాలో ఏదీ వింత కాలేదు. 1957లో వచ్చిన మాయాబజార్‌లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వెళ్ళడం చూసి పెరిగిన మనిషి ఆవిడ.

తినడానికి ముఢిలో, అంటే మరమరాల్లో, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఆవకాయ నూనె కలుపుకోండి, అప్పడాలు వద్దు, కరకరల్లో పక్కవాళ్ళకి ఏమీ వినబడదు.

నచ్చుతుందో లేదో తేల్చుకోవడానికి ఒక సీను చెబుతాను. హీరో, వాడి లావు స్నేహితుడు కలిసి యజమానురాలిని చంపుదామని కత్తులు విసురుతారు, స్నేహితుడు విసిరిందల్లా హీరో భుజానికే గుచ్చుకుంటుంది, ఆ తర్వాత పాములు హీరో పెదాలని కరిచి పెట్టడంతో మూతి బూరెలా ఉబ్బుతుంది, ఆవిడ తరుముకొస్తుంటే ఇద్దరి కాళ్ళూ చక్రాల్లా తిరిగిపోతాయి, చివరికి ఆవిడ వెళ్ళి పెద్ద బోర్డుకి గుద్దుకుంటుంది. అక్కడికీ నవ్వు రాకపోతే టీవీ ఆపేసి అన్నం తినేయండి. మా బావ ఆ సీను మూడుసార్లు వెనక్కి తిప్పించాడు.