కంపెనీకి మెయిల్ కొట్టాలంటే గూగుల్ కాదు, ముందు బిల్లు తీయండి

అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర మాది జిరాక్స్, నెట్ షాపు. ఆధార్ ప్రింట్లు, హాల్‌టికెట్లు, అడంగల్ కాపీలు ఎట్లాగూ ఉంటాయి. వాటి మధ్యలో ఎవరో ఒకరు వచ్చి "అక్కా, ఈ కంపెనీకి ఒక మెయిల్ కొట్టియ్యి" అంటారు. ఏ అడ్రసుకు కొట్టాలి అంటే, "గూగుల్‌లో ఉంటాది కదక్కా" అంటారు. ఉంటుంది, కాదనను. దొంగవాళ్లు పెట్టింది కూడా అక్కడే ఉంటుంది, ఒక్కోసారి అసలుదానికన్నా పైన ఉంటుంది. అందుకే నేను గూగుల్‌ని ఆఖర్న తెరుస్తా.

మొదట అడిగేది కాగితాలు. బిల్లు, వారంటీ కార్డు, వచ్చిన పెట్టె, కవరు, ఏదుంటే అది. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద, ఫిర్యాదు వస్తే ఎవరికి చెప్పుకోవాలో ఆ పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, ఈమెయిల్ వేయాలని తూనికలు కొలతల చట్టం కింద 2011లో వచ్చిన ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ చెప్తున్నాయి. ఎమ్మార్పీ పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో 'కన్స్యూమర్ కేర్' అని ఉండేది అదే. కంటికి ఆనకపోతే ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసుకుని చదవండి. కంపెనీ నుంచి ఉత్తరమో నోటీసో వచ్చి ఉంటే ఇంకా మేలు. 2013 కంపెనీల చట్టం 12వ సెక్షన్ ప్రకారం లెటర్‌హెడ్ మీద, బిల్లుల మీద రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసు, ఫోన్ నంబరు, మెయిల్, వెబ్‌సైటు ఉంటే అవి, వాటితోపాటు సీఐఎన్ అనే నంబరు, అంటే కంపెనీ రిజిస్ట్రేషన్ నంబరు, అచ్చు వేయాలి.

బిల్లు చూసేటప్పుడు ఒక్క సంగతి గుర్తుండాలి. అది ఎవరి బిల్లు? డీలరుదా, కంపెనీదా? ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. మొన్న ఎండాకాలం గార్లదిన్నె వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చినాడు. చీనీ తోట, కాపు మీద ఉంది, బోరు మోటరు కాలిపోయింది. వారంటీ ఇంకా ఉంది. డీలరును అడిగితే "కంపెనీకి చెప్పినాం, వస్తారు" అనే మాటే తప్ప ఎవరూ వచ్చింది లేదు. బిల్లు మడతలు విప్పి చూస్తే జీఎస్టీ నంబరు 29తో మొదలైంది. 29 అంటే కర్ణాటక, మనది 37. బళ్లారిలో కొన్నాడంట. దాని మీదున్న మెయిల్ ఆ డీలరుది, అదీ జీమెయిల్. దానికి ఎన్ని కొట్టినా పోయేది ఆ అంగడికే.

"పెట్టె ఉందా పెద్దాయనా?" అంటే, "ఉంది పాపా, కోడిపిల్లల్ని ఏసినాం దాంట్లో" అన్నాడు. ఇంటికి ఫోన్ చేసి, మనవడితో నాలుగు పక్కలా ఫోటోలు తీయించి వాట్సాప్‌లో తెప్పించినాం. లేబుల్‌ను కోడిపిల్లలు పొడిచి పొడిచి సగం చింపేసినాయి. మెయిల్‌లో 'ఎట్' గుర్తుకు ముందున్న ముక్క పోయింది, వెనకది మిగిలింది. నిజానికి మాకు కావాల్సింది ఆ వెనక ముక్కే. 'ఎట్' తర్వాత ఉండేది కంపెనీ సొంత డొమైన్, అంటే నెట్‌లో కంపెనీకి ఉండే సొంత పేరు, అయితే, దాన్ని అట్లాగే బ్రౌజర్ పైగీతలో కొడితే చాలా కంపెనీల వెబ్‌సైటు తెరుచుకుంటుంది. వెతకడం లేదు, ప్రకటనల మీద వేలు పడే భయం లేదు. సైటు అట్టడుగున సర్వీస్ మెయిల్ దొరికింది. మోటరు నేమ్‌ప్లేట్ మీది సీరియల్ నంబరు వేసి కొట్టినాం. ఆ వారంలోనే సర్వీసాయన ఫోన్ చేసినాడు.

పెట్టె లేదు, లేబుల్ లేదు, బ్రాండు పేరు ఒక్కటే తెలుసు అనుకోండి. బ్రాండు పేరుతో వెతికితే డీలర్లు, రిపేరు షాపులు, ఎవరెవరో వస్తారు. కంపెనీ అసలు పేరు వేరే ఉంటుంది. వారంటీ కార్డు వెనక 'మాన్యుఫ్యాక్చర్డ్ బై', 'మార్కెటెడ్ బై' అని రెండు ఉంటే రెండోదాన్ని పట్టుకోండి. తయారుచేసేవాడు ఎక్కడో ఉంటాడు, మీకు జవాబు చెప్పాల్సింది సాధారణంగా తన పేరు మీద అమ్మేవాడే. ఆ పూర్తి పేరు, ప్రైవేట్ లిమిటెడ్ అనే తోకతో సహా కొట్టి వెతకండి. అప్పుడు వచ్చే సైటులో అడుగున ఉన్న సీఐఎన్‌ను కాగితం మీదిదానితో పోల్చి చూడండి. అది 21 అక్షరాలు, అంకెలు కలిసిన నంబరు. మొదటి అక్షరం ఎల్ అయితే షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ, యు అయితే లేనిది. మధ్యలో రాష్ట్రం పొడి అక్షరాలు రెండు, ఆ వెంటనే కంపెనీ పుట్టిన సంవత్సరం ఉంటాయి. రెండు చోట్లా నంబరు ఒకటే అయితే సగం భయం తీరినట్టే.

సైటు దొరికాక చాలామంది 'కాంటాక్ట్ అస్' నొక్కి, అక్కడున్న ఫారం నింపి వదిలేస్తారు. నాకు ఆ ఫారాలంటే గిట్టదు. నింపిన తర్వాత చాలాసార్లు మన చేతిలో ఏమీ మిగలదు, పంపినట్టు రుజువు కూడా ఉండదు. కిందికి దిగి 'గ్రీవెన్స్ రిడ్రెసల్' (అంటే ఫిర్యాదుల పరిష్కారం), 'టర్మ్స్', 'ప్రైవసీ పాలసీ' పేజీలు తెరవండి. ఎవరూ చదవని ఆ పేజీల్లోనే అసలు మెయిల్ ఉంటుంది. ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థలయితే 2020 ఈకామర్స్ రూల్స్ ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసరు పేరు, హోదా, ఎట్లా అందుకోవాలో సైటులో పెట్టాల్సిందే. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. యాప్ మాత్రమే ఉండి సైటు కనపడకపోతే ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీలో 'యాప్ సపోర్ట్' అని ఉంటుంది, నొక్కితే మెయిల్ వస్తుంది.

సేల్స్ అని ఉన్న మెయిల్‌కు మాత్రం ఫిర్యాదు కొట్టకండి. వెంటనే జవాబిస్తారు, కొత్తది కొనమని. 'నో రిప్లై' అని ఉండేది మనకు పంపడానికే, మనం పంపితే చదివే మనిషి ఉండడు. ఇంకొంతమంది నేరుగా ఎండీకే కొట్టమంటారు. పేరు, చుక్క, ఇంటిపేరు అని ఊహించి కొట్టమంటారు. నేను కొట్టను. ఆ మెయిల్ తిరిగొస్తే సరే, తిరిగి రాకపోతే ఎవరి చేతిలో పడిందో ఎట్లా తెలుస్తుంది? మన బిల్లు, ఫోన్ నంబరు అన్నీ దాంట్లో ఉంటాయి. ముందు కస్టమర్ కేర్, ఆ తర్వాత గ్రీవెన్స్ ఆఫీసరు, ఇదీ వరస.

బ్యాంకుల సంగతి ఇప్పుడు కొంచెం సులువైంది. రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులనూ 2025 అక్టోబరు 31 లోపు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' డొమైన్‌కు మారమంది. ఆ డొమైన్ ఇచ్చేది హైదరాబాదులో రిజర్వు బ్యాంకు పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కటే, అదీ బ్యాంకులకే ఇస్తుంది. అందుకని సైటు అడ్రసు చివర ఆ రెండు ముక్కలు ఉన్నాయా అని చూసుకుని, దాంట్లో మెయిల్ వెతకండి. ఇన్సూరెన్సుకు పాలసీ బాండులోనే గ్రీవెన్స్ ఆఫీసరు వివరాలు ఉంటాయి. బాండు బీరువాలో పెట్టి ఏజెంటు చుట్టూ తిరిగేవాళ్లే ఎక్కువ.

దొంగ మెయిల్‌ను పట్టాలంటే అడ్రసును కుడి నుంచి ఎడమకు చదవండి. 'ఎట్' గుర్తుకు కుడివైపు కంపెనీ డొమైన్ అచ్చం అట్లాగే ఉండాలి. కంపెనీ పేరుకు అడ్డగీత పెట్టి 'కేర్' అనో 'సపోర్ట్' అనో తగిలించినా, పెద్ద కంపెనీ పేరు చెప్పి జీమెయిల్ ఇచ్చినా పక్కన పెట్టండి. కాగితం మీదా, సైటులోనూ ఒకే డొమైన్ కనపడితేనే నేను పంపుతా. మెయిల్‌కు జవాబుగా ఏ యాప్ అయినా వేసుకోమన్నా, స్క్రీన్ చూపించమన్నా, ఓటీపీ అడిగినా అక్కడితో ఆపేయండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మెయిల్ మీ ఐడీ నుంచే పోవాలి. "నీ మెయిల్ నుంచే కొట్టక్కా, నాకు పాస్‌వర్డ్ గుర్తులేదు" అంటారు. ఒప్పుకోను. జవాబు నాకు వస్తే మీకెప్పుడు తెలియాలి? పాస్‌వర్డ్ మార్చుకోడానికి పది నిమిషాలు కూర్చోండి. సబ్జెక్టు గీతలో వస్తువు పేరు, బిల్లు నంబరు, సమస్య ఒక్క ముక్కలో రాయండి. లోపల ఎప్పుడు కొన్నారు, ఎప్పుడు చెడింది, ఏం కావాలి, ఈ మూడు చాలు. రిపేరా, కొత్తదా, డబ్బు వాపసా అన్నది తేల్చి రాయాలి. "తగిన న్యాయం చేయగలరు" అని రాస్తే వాళ్లకు ఏం చేయాలో తెలియదు. తెలుగులో రాసుకొచ్చినా పంపుతా, కింద రెండు లైన్లు ఇంగ్లిషులో చేరుస్తా. బిల్లు ఫోటో, సీరియల్ నంబరు ఫోటో జతచేయండి. ఆధార్ ఎందుకు? మోటరుకు ఆధార్ అక్కర్లేదు.

జవాబు రాకపోతే అదే మెయిల్‌ను, కొత్తది రాయకుండా, గ్రీవెన్స్ ఆఫీసరుకు ఫార్వర్డ్ చేయండి. పాత తేదీ దాంట్లోనే కనపడుతుంది. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు. మెయిల్ ఎప్పుడు పంపారని అడిగితే తేదీ చెప్పండి, వాళ్లిచ్చే డాకెట్ నంబరు, అంటే మీ ఫిర్యాదు నంబరు, బిల్లు వెనకే రాసిపెట్టుకోండి. బ్యాంకు అయితే ఫిర్యాదు ఇచ్చి 30 రోజులు ఆగి, జవాబు రాకపోయినా వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. ముందు బ్యాంకుకు రాయకుండా నేరుగా అక్కడికి పోతే తీసుకోరు, అందుకే ఆ మొదటి మెయిల్‌ను డిలీట్ చేయకండి.