మనం రాసే యాప్ నుంచి ఒకేసారి చాలా ప్రాసెస్‌లు (వేరే ప్రోగ్రామ్‌లు) రన్ చేసే ముందు ఇవి చూస్కోండి

- మెయిన్ థ్రెడ్‌లో (యాప్ స్క్రీన్‌ని నడిపేది అదే) ప్రాసెస్ ముగిసేదాకా వెయిట్ పెట్టొద్దు, అస్సలు. క్యూటీ (Qt, యాప్ స్క్రీన్లు తయారుచేసే ఫ్రేమ్‌వర్క్) అయితే దాని క్యూప్రాసెస్ (QProcess) క్లాస్‌తో స్టార్ట్ చేసి, ముగిశాక వచ్చే ఫినిష్డ్ సిగ్నల్ పట్టుకోండి.

- అవుట్‌పుట్ ఎవరు చదువుతున్నారో ముందే తేల్చుకోండి, ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడే. లైనక్స్‌లో పైప్ బఫర్ (ప్రాసెస్ రాసింది మనం చదివేదాకా ఉండే చోటు) మామూలుగా 64 కేబీ, అది నిండితే చైల్డ్ (మనం లేపిన ప్రాసెస్) ఇంక రాయలేక ఆగిపోతుంది, మన కోడేమో అది ముగిశాక చదువుదాంలే అని కూర్చుంటుంది, ఇక రెండూ అలా ఉండిపోతాయి, ఎర్రర్ కూడా రాదు. చిన్న ఫైళ్లతో టెస్ట్ చేస్తే ఇది బయటపడదు, అదే చిరాకు. స్టాండర్డ్ అవుట్‌పుట్, ఎర్రర్ రెండూ వస్తుండగానే చదవాలి, అక్కర్లేదంటే నల్ డివైస్‌కి (రాసిందంతా పారేసే చోటు) పంపేయండి.

- వేరే థ్రెడ్‌లో చదువుతుంటే అక్కణ్ణుంచి నేరుగా స్క్రీన్ మీది లేబుల్, ప్రోగ్రెస్ బార్ ముట్టుకోవద్దు, ఆ పని మెయిన్ థ్రెడ్‌కే వదిలేయండి.

- వంద ఫైళ్లుంటే వంద ప్రాసెస్‌లు లేపకండి, సీపీయూ పనైతే కోర్లు ఎన్నో అన్ని, మిగతావి క్యూలో.

- క్యాన్సిల్ బటన్ నిజంగా ఆపుతుందా? షెల్ (టైప్ చేసిన కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) ద్వారా రన్ చేస్తే షెల్ మాత్రమే పోయి దాని కింద ప్రాసెస్ నడుస్తూనే ఉండొచ్చు, అన్నిటినీ కలిపి ఆపడానికి లైనక్స్‌లో ప్రాసెస్ గ్రూప్, విండోస్‌లో జాబ్ ఆబ్జెక్ట్ వాడండి. యాప్ మూసేటప్పుడూ ఇదే.

- ఆర్గ్యుమెంట్లు (ప్రోగ్రామ్‌కి ఇచ్చే ఫైల్ పేర్లు, ఆప్షన్లు) ఒకే పొడుగు కమాండ్‌గా కాకుండా లిస్ట్‌గా ఇవ్వండి, స్పేస్ ఉన్న ఫైల్ పేరు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.