‘ది డాక్టర్స్ డాటర్’ ఎపిసోడ్‌కు తెలుగు సబ్‌టైటిళ్లు రాయడం ఎలా?

బీబీసీ ‘డాక్టర్ హూ’ నాలుగో సిరీస్‌లో ఆరో ఎపిసోడ్ ఇది. స్టీఫెన్ గ్రీన్‌హార్న్ రచన, 2008 మే 10న ప్రసారమైంది. మెస్సలీన్ అనే గ్రహం మీద మనుషులకీ, చేప మొహాల హాత్‌లకీ యుద్ధం. కథానాయకుడు డాక్టర్, రెండు గుండెలున్న గ్రహాంతరవాసి, స్నేహితురాళ్లు డోనా, మార్తాలతో అక్కడ దిగీ దిగగానే సైనికులు అతని చేతిని ఒక యంత్రంలో పెట్టిస్తారు. నిమిషం తిరక్కుండానే అతని కణాలతో ఎదిగిన అమ్మాయి బయటికొచ్చి తుపాకీ అందుకుంటుంది, ఆమే జెన్నీ. యుద్ధం మధ్యలో, అడగకుండా వచ్చిపడిన తండ్రితనం. తిరుపతిలో ఇంట్లో పెద్దవాళ్లకో, హాస్టల్ గదిలో స్నేహితులకో దీన్ని చూపించాలంటే తెలుగు సబ్‌టైటిళ్లు కావాలి. వాటిని రాసేవాళ్లు తప్పుచేసేది ఎక్కువగా టైమింగులో కాదు, వరసల్లో, అంటే ఎవరు ఎవర్ని ఏమని పిలవాలన్న దాంట్లో.

సామాను సంగతి తొందరగా ముగిద్దాం. కంప్యూటరు, ఉచితంగా దొరికే ‘సబ్‌టైటిల్ ఎడిట్’ సాఫ్ట్‌వేర్, చూడ్డానికి వీఎల్‌సీ, ‘నోటో సాన్స్ తెలుగు’ ఫాంటు చాలు. పెళ్లిపత్రిక ఫాంట్లు వద్దు, ఒత్తులు చదవలేం. ఫైలు ఎస్‌ఆర్‌టీ (సబ్‌టైటిళ్ల ఫైలు రకం)గా, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్ (అక్షరాలను దాచే పద్ధతి)లో సేవ్ చెయ్యండి. వేరే ఎన్‌కోడింగ్‌లో చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోవచ్చు. పెన్‌డ్రైవ్‌తో టీవీలో వేసేట్టయితే ముందు ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ అని రెండు మాటలు రాసి చూడండి. ఒత్తులు విడిపోతే ఆ టీవీకి తెలుగు కూర్చడం రాదు. అప్పుడు అక్షరాలను వీడియోలోకే ఎక్కించాలి, వేరే దారి లేదు.

ఒక్కో సబ్‌టైటిల్‌కి రెండే లైన్లు, లైనుకు 20 అక్షరాలు. తెరమీద కనీసం ఒకటిన్నర సెకన్లు, ఎక్కువలో ఎక్కువ 6 సెకన్లు ఉండాలి. సాఫ్ట్‌వేర్ చూపించే లెక్కను నమ్మకండి. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, దానికి ఆరు. ఎపిసోడ్ దాదాపు 45 నిమిషాలు. సబ్‌టైటిల్ మొదట్నుంచీ ఒకే తేడాతో ముందో వెనకో వస్తుంటే ఫైలు మొత్తాన్ని ఒకేసారి జరపండి. తేడా పోనుపోను పెరుగుతుంటే అది ఫ్రేమ్ రేటు (సెకనుకు చూపే బొమ్మల లెక్క) గొడవ: వీడియో, సబ్‌టైటిల్ ఫైళ్లలో ఒకటి 25, ఇంకొకటి 23.976. చివరికొచ్చేసరికి దాదాపు 2 నిమిషాలు తప్పుతుంది. అలాంటప్పుడు జరపడం పనిచెయ్యదు, రేటే మార్చాలి.

ఇక అసలు పని, వరస కలపడం.

ఇంగ్లీషులో అందరికీ ఒకే ‘యూ’. మెషీన్ అనువాదం ఒక వాక్యంలో ‘మీరు’ అంటుంది, తర్వాతి దాంట్లో ‘నువ్వు’ అంటుంది. తండ్రీకూతుళ్ల కథ అక్కడే చచ్చిపోతుంది. అందుకే ఒక్క డైలాగూ రాయకముందు కాగితం మీద పట్టిక గీయండి: ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారు, ఏ సన్నివేశం నుంచి మారుస్తారు. మనుషుల సైన్యాధిపతి జెనరల్ కాబ్‌ను సైనికులు ‘మీరు’ అంటారు. డోనా, డాక్టర్ ఒకరినొకరు ‘నువ్వు’. స్నేహితుల మధ్య ‘మీరు’ పెడితే డోనా గదమాయింపు అర్జీలా వినిపిస్తుంది. ‘డాక్టర్ గారూ’ అని ఎక్కడా రాయకండి, అది అతని పేరు. పైగా మార్తా నిజంగానే వైద్యురాలు, హాత్ భుజం జారితే సరిచేసేది ఆమే. ‘గారు’ తగిలిస్తే ఇద్దరిలో ఎవర్ని పిలుస్తున్నారో తెలీదు.

జెన్నీ తండ్రిని ‘నువ్వు’ అనాలి. సైనికురాలు కదా అని ‘మీరు’ పెట్టేవాళ్లున్నారు, తప్పు. ఆమె చనువే ఈ కథకి ఇరుసు. పిలుపు ‘నాయనా’. చిత్తూరు పల్లెల్లో ఇప్పటికీ అదే పిలుపు. ‘డాడీ’ అంటే తిరుపతి కాన్వెంటు పిల్ల అవుతుంది, ‘నాన్నగారూ’ అంటే పాత సినిమా అవుతుంది. కుప్పం, నగరి వైపు తమిళం కలిసిన ఇళ్లవాళ్ల కోసమైతే ‘అప్పా’ కూడా నప్పుతుంది, కానీ మొదలుపెట్టిన పిలుపు చివరిదాకా మారకూడదు. పుట్టగానే ఆమె అనే మొదటి పలకరింపును ‘హలో నాన్నా’ అని దించకండి, ఫోనెత్తినట్టుంటుంది. ‘ఏం నాయనా’ అన్నా చెడుతుంది, పెద్దాయన కుర్రాణ్ని పలకరించినట్టవుతుంది. ఉత్త ‘నాయనా!’ చాలు. దానికి ముందు డాక్టర్ నోట ‘నా కూతురు’ అని పడుతుంది గనక అర్థమైపోతుంది.

అక్కడ ‘మా అమ్మాయి’ అనిపించకండి. అది మురిపెంగా పరిచయం చేసే మాట, అతనికింకా ఆ మురిపెం రాలేదు. మొదట్లో ‘ఆ అమ్మాయి’, ‘ఆమె’ అంటూ ఎడం పాటించాలి. ఆమెకీ తనలాగే రెండు గుండెలు కొట్టుకోవడం విన్నాక ‘ఈ పిల్ల’. గుండు తగిలి అతని చేతుల్లో ఒరిగినప్పుడు మాత్రమే ‘బిడ్డ’. ఆ మాటను అంతకుముందు ఒక్కసారి వాడినా అక్కడికొచ్చేసరికి బలం ఉండదు.

‘వుయ్’ దగ్గర ఇంకా జాగ్రత్త. తెలుగుకి ‘మేము’, ‘మనం’ రెండున్నాయి, ఇంగ్లీషుకి ఆ భాగ్యం లేదు. మొదట్లో జెన్నీ ‘మేము’ అన్నప్పుడు అందులో తండ్రి లేడు, సైన్యమే ఉంది. డాక్టర్ ‘మేము’లో డోనా ఉంది, జెన్నీ లేదు. తనతో రమ్మని ఒప్పుకున్న చోట అతని నోట మొదటిసారి ‘మనం’ రావాలి. ఆ ఒక్క మాటను సరిగ్గా పెట్టడానికి ముందున్న ‘వుయ్’లన్నీ వెతికి ‘మేము’ చెయ్యాల్సి వస్తుంది, విసుక్కోకండి.

పేరు పెట్టే సన్నివేశంలో డోనా ‘జెనరేటెడ్’ అన్న మాటలోంచి జెన్నీని లాగుతుంది. చాలా ఫైళ్లలో ఈ శ్లేషను వదిలేస్తారు. సంస్కృత ‘జన్’ ధాతువూ ఆ మాట మూలమూ చుట్టాలే. ‘యంత్రజనిత... జని... జెన్నీ!’ అని రాస్తే ఇట్టే దొరుకుతుంది. అలాగే ఆమెను ‘క్లోన్’ అనకండి. డాక్టర్ వివరించేది వేరు: ద్వయస్థితిక కణాలను ఏకస్థితికాలుగా విడదీసి, వేరే అమరికలో మళ్లీ కలిపి పెంచడం. బైపీసీ పాఠంలో ఈ మాటలు బాగుంటాయి, రెండు సెకన్లలో చదవలేం. ‘జతలు విడదీసి, వేరేగా కలిపి పెంచారు. తల్లీ తండ్రీ ఒకరే’ అని రాయండి.

హాత్‌లు బుడబుడలతో మాట్లాడతారు. మూలంలోనే అర్థం ఇవ్వలేదు, మీరు కల్పించకండి.

యుద్ధం ఎంత పాతదని వచ్చే ప్రతిచోటా ‘తరాలు’ అనే ఉండాలి, ‘ఏళ్లు’ రాకూడదు. గోడల మీది 60120717 లాంటి అంకెలు తేదీలని డోనా కనిపెడుతుంది: 6012, ఏడో నెల, 17. మనం రోజు ముందు రాస్తాం కదా అని తిరగేయకండి, తెరమీద అంకెలు కనిపిస్తూనే ఉంటాయి. ఆ రోజు తేదీ 24, అంటే యుద్ధం మొదలై ఏడు రోజులే. యంత్రం మనుషుల్ని పుట్టిస్తుంటే ఒక్కరోజులోనే తరాలు గడిచిపోతాయి. ముందెక్కడో ‘వందల ఏళ్లుగా’ అని రాసి ఉంటే ఈ మలుపు మోసంలా కనిపిస్తుంది.

చివర జెన్నీని కాల్చిన కాబ్ తలకు తుపాకీ గురిపెట్టి, దించేసి డాక్టర్ అనే మాట ‘నేను చంపలేను’ కాదు. ‘లేను’ అంటే చేతకానితనం. ‘చంపను’ అన్నా ఈసారికి వదిలేసినట్టే. ‘ఎన్నటికీ ఆ పని చెయ్యను’ అనండి. వెంటనే ‘ఎన్నటికీ ఆ పని చెయ్యని మనిషి’ అని అదే మాట తిరిగి రావాలి, కొత్త సమాజానికి అతను వేసే పునాది అదే.

ఫైలు పేరు వీడియో పేరుతో అక్షరం పొల్లుపోకుండా ఉంచండి, వీఎల్‌సీ తానే పట్టుకుంటుంది. ఇంగ్లీషు రాని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చూడండి. ‘ఏడు రోజులు’ దగ్గర వాళ్లు వెనక్కి తిప్పమన్నారంటే, మొదట్లో ఎక్కడో ఒక ‘ఏళ్లు’ మిగిలిపోయిందన్నమాట. వెతికి దిద్దండి.